ఛార్జర్ ఆపితేనే బ్యాటరీ సంగతి బయటపడుతుంది

సబ్‌స్టేషన్ కంట్రోల్ రూములో ఛార్జర్ ప్యానెల్ మీద డీసీ వోల్ట్‌మీటర్ 121 చూపిస్తుంది. ఆపరేటర్ లాగ్‌షీట్‌లో 121 రాస్తాడు. గంటగంటకీ అదే అంకె. కానీ అది ఛార్జర్ ఇస్తున్న వోల్టేజీ. పక్క రూములో ఉన్న బ్యాటరీలోని 55 సెల్స్‌లో ఒకటి లోపల తెగిపోయినా ఆ ముల్లు కదలదు.

110 వోల్టుల డీసీకి 55 లెడ్ యాసిడ్ సెల్స్ వరసగా కలిపిన సెట్ ఉంటుంది. నీళ్లు పోసే రకమైతే ఫ్లోట్, అంటే బ్యాటరీని నిండుగా ఉంచడానికి ఛార్జర్ ఎప్పుడూ ఇచ్చే వోల్టేజీ, సెల్‌కు 2.15 నుంచి 2.25 వోల్టుల మధ్య పెడతారు. 2.2 అనుకుంటే మొత్తం 121. రోజూ ఫాల్ట్‌ను పసిగట్టే రిలేలకూ ఇండికేషన్ దీపాలకూ కావలసిన కరెంటు ఛార్జరే ఇస్తుంది కాబట్టి బ్యాటరీ చచ్చిపోయినా నెలల తరబడి ఎవరికీ తెలియదు. తెలిసేది దగ్గర్లో ఫాల్ట్ (షార్ట్ సర్క్యూట్ లాంటిది) వచ్చినప్పుడు. ఫాల్ట్‌తో బస్ (సబ్‌స్టేషన్ ప్రధాన కడ్డీలు) వోల్టేజీ కుంగుతుంది, స్టేషన్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఛార్జర్‌కు వచ్చే ఏసీ కూడా దాంతోపాటే పడిపోతుంది. సరిగ్గా అప్పుడే బ్రేకర్‌ను తెరిచే ట్రిప్ కాయిల్‌కు కరెంటు కావాలి. బ్యాటరీ చచ్చి ఉంటే రిలే పనిచేయదు, బ్రేకర్ తెరుచుకోదు. చివరికి పవర్ ట్రాన్స్‌ఫార్మర్ బలైపోతుంది.

ఆమీటర్‌ను నమ్ముకున్నా లాభం లేదు. నిండుగా ఛార్జయిన మంచి సెట్ ఫ్లోట్‌లో తీసుకునేది మిల్లీయాంప్‌లలోనే. 50 యాంప్‌ల స్కేలున్న మీటర్‌లో అది సున్నాగానే కనిపిస్తుంది. సెల్ తెగిన సెట్‌లోనూ సున్నాయే. తేడా తెలియాలంటే మిల్లీయాంప్‌లు చదవగల డీసీ క్లాంప్ మీటర్ కావాలి.

అందుకే ముందు మల్టీమీటర్‌తో 55 సెల్స్ వోల్టేజీనీ ఒక్కొక్కటిగా కొలవండి. అన్నీ 2.2 దగ్గరుండి ఒకటి 2.05లో ఉంటే, అది లోపల షార్టయి ఉంటుంది, లేదా సల్ఫేట్ పట్టి ఉంటుంది. ఏదైనా సెల్ మీద 8, 10 వోల్టులు కనిపిస్తే మీటర్ పాడైందనుకోకండి. ఆ సెల్ తెగిపోయింది. మిగతా 54 తమ సహజ వోల్టేజీకి, అంటే 2.04కి దిగిపోతాయి కాబట్టి, ఛార్జర్ ఇస్తున్న 121లో మిగిలినదంతా తెగిన చోటే కనిపిస్తుంది. అలాంటి సెట్ ఉండగా ఛార్జర్ ఆపారో, స్టేషన్ డీసీ మొత్తం పోతుంది.

రీడింగులు బాగున్నాయనుకున్నాకే ఛార్జర్ ఏసీ ఆపి, పావుగంట సెట్ మీద లోడ్ నడపాలి. స్విచ్ దగ్గర ఒక మనిషి నిలబడాలి. గాలివాన సూచన ఉన్న రోజున ఈ పని పెట్టుకోవద్దు. 121 నుంచి 112 దాకా కొద్ది నిమిషాల్లో దిగి అక్కడ నిలకడగా ఉండటం సహజం. యాసిడ్ స్పెసిఫిక్ గ్రావిటీకి (నీటితో పోలిస్తే దాని సాంద్రత) 0.84 కలిపితే ఛార్జింగూ లోడూ లేనప్పటి సెల్ వోల్టేజీ వస్తుంది: 1.200కు 2.04, 55 సెల్స్‌కు 112. అక్కడ ఆగకుండా జారుతూ పోతే లోడ్ మీదే మళ్లీ సెల్స్ కొలవండి. దొంగ సెల్ దొరికిపోతుంది.

గ్రావిటీ కొలిచే హైడ్రోమీటర్ రీడింగును మన ఎండలు మోసం చేస్తాయి. సెల్ మీద రాసి ఉండే 1.200 అన్నది 27 డిగ్రీల దగ్గరి లెక్క. డిగ్రీకి 0.0007 సర్దాలి. మే నెల మధ్యాహ్నం రామగుండం లాంటి చోట యాసిడ్ 42 డిగ్రీలుండి 1.190 చూపిస్తే, 15 డిగ్రీలకు 0.0105 కలిపితే పన్నెండు వందలే వస్తుంది. సెల్‌కు ఏ జబ్బూ లేదు. ఈ లెక్క వేయకుండా, గ్రావిటీ తగ్గిందని యాసిడ్ పోసేవాళ్లు సెట్‌ను చేతులారా చంపుతున్నట్టే. ఒలికిపోతే తప్ప యాసిడ్ ఎక్కడికీ పోదు, ఆవిరయ్యేది నీళ్లే. డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే పోయాలి. బోరు నీళ్లలోని క్లోరైడ్, ఇనుము ప్లేట్లను తినేస్తాయి. ప్లేట్లు బయటపడితే అవి మునిగేంత వెంటనే పోసి, మిగతాది ఛార్జింగ్ అయ్యాక గుర్తు దాకా నింపండి. పోసిన వెంటనే గ్రావిటీ చూడొద్దు. నీళ్లు పైనే తేలుతుంటాయి, బూస్ట్‌లో (ఎక్కువ వోల్టేజీతో గట్టిగా ఛార్జ్ చేసేటప్పుడు) బుడగలు లేచి కలిపేదాకా ఆ రీడింగ్ తప్పే.

బూస్ట్ విషయంలో 200 ఏహెచ్ (యాంపియర్-అవర్) సెట్‌కు 20 యాంప్‌లతో మొదలుపెట్టి, సెల్స్ 2.4కి చేరి బుడగలు జోరందుకున్నాక 10కి తగ్గించడం మంచి పద్ధతి. వరసగా మూడు గంటలు గ్రావిటీ, వోల్టేజీ మారకపోతే నిండినట్టు. మధ్యలో యాసిడ్ 50 డిగ్రీలకు పోతోందంటే ఆపి చల్లారనివ్వాలి. చివర్లో సెల్ 2.7 దాకా పోతుంది, అంటే సెట్ మొత్తం 148.5. 110 వోల్టుల కాయిల్స్ దీన్ని తట్టుకోలేవు. అందుకే బూస్ట్ సమయంలో లోడ్‌ను ఫ్లోట్ ఛార్జర్‌కు అప్పగించి, సెట్ మధ్యలో విడిగా తీగ తీసిన ట్యాపింగ్ సెల్ నుంచి, కరెంటును ఒకే వైపు పంపే డయోడ్ ద్వారా ఆసరా ఇస్తారు. ఆ డయోడ్ ఓపెన్ అయి ఉంటే, బూస్ట్ మధ్యలో ఫ్లోట్ ఛార్జర్ ట్రిప్పయిన క్షణంలో డీసీ ఉండదు. దాన్ని ముందే మల్టీమీటర్‌తో చూడటం రెండు నిమిషాల పని, అయినా ఎక్కువమంది చూడరు.

నిండిన సెల్‌లోకి వెళ్లే ప్రతి యాంపియర్-అవర్‌కూ సుమారు 0.42 లీటర్ల హైడ్రోజన్ వస్తుంది. 55 సెల్స్‌కు 10 యాంప్‌లంటే గంటకు 230 లీటర్లు. గాలిలో 4 శాతం దాటితే నిప్పురవ్వ చాలు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరగని రూములో బూస్ట్ పెట్టకండి.

సీల్డ్ సెల్స్‌కు ఈ గొడవలు లేవంటారు. నీళ్లు పోసే పని లేదు, నిజమే. కానీ వేడికి అవే ముందు పోతాయి. డిగ్రీకి సెల్‌కు 3 మిల్లీవోల్టుల చొప్పున ఫ్లోట్ తగ్గించాలి. 27 దగ్గర 2.25 ఉంటే 42 దగ్గర 2.205. ఛార్జర్‌లో ఈ సర్దుబాటు లేకపోతే వేడికి కరెంటు, కరెంటుకు వేడి పెరిగి డబ్బాలు ఉబ్బుతాయి.

టెర్మినల్స్‌కు పెట్రోలియం జెల్లీ పూయండి, గ్రీజు వద్దు. లోడ్ మీదున్నప్పుడు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో లింకులు చూస్తే వదులైనది వేడిగా తేలుతుంది. స్టాండ్ మీద యాసిడ్ తడి ఉంటే డీసీ ఎర్త్ లీకేజీకి (కరెంటు భూమిలోకి కారడానికి) అదే మొదటి అనుమానం. ఎర్త్‌కు ప్లస్ వైపు, మైనస్ వైపు చెరో 60 వోల్టులుండాలి. ఒక వైపు సున్నాకు దగ్గరైతే ఆ వైపు ఎర్త్ అయినట్టు. లీటరు నీళ్లలో 100 గ్రాముల వంట సోడా కలిపి తుడవండి, సెల్ లోపలికి చుక్క కూడా పడకూడదు.

అసలు పరీక్ష ఏడాదికోసారి, వానాకాలానికి ముందు. స్టేషన్ లోడ్‌ను వేరే సెట్ మీదకు మార్చి, 200 ఏహెచ్ సెట్ నుంచి 20 యాంప్‌లు 10 గంటలు తీయాలి. ప్రతి గంటా అన్ని సెల్స్ రీడింగులూ రాయాలి. సెల్ సగటు 1.85కి, అంటే సెట్ మొత్తం 101.75కి దిగగానే ఆపేయండి. అప్పటికి 8 గంటలు కూడా నిండకపోతే కొత్త సెట్‌కు ఇండెంట్ పెట్టాల్సిందే. మధ్యలో ఏదైనా సెల్ మిగతావాటికంటే ముందే కూలిపోతే దాన్ని బైపాస్ చేయాలి, లేకపోతే మిగతా సెల్స్ కరెంటు దాన్ని తిరగేసి ఛార్జ్ చేస్తుంది. తర్వాత దాన్ని తీసేసి 54తో నడుపుతున్నప్పుడు ఫ్లోట్‌ను 118.8కి దించడం చాలామంది మర్చిపోతారు. 121 మీదే వదిలేస్తే సెల్‌కు 2.24 పడుతుంది, డిస్టిల్డ్ వాటర్ ఖర్చు ఎందుకు పెరిగిందో ఎవరికీ అర్థం కాదు.