వజుకా కొండల్లో తొలి కోత

జపాన్‌లోని క్యోటో రాష్ట్రం దక్షిణపు కొసన కామో స్టేషన్లో దిగి బస్సెక్కితే, పావుగంటకల్లా లోయకు రెండు వైపులా తేయాకు వరుసలు కొండ నెత్తిదాకా ఎక్కిపోతూ కనిపిస్తాయి. ఆ ఊరు వజుకా. ఉజి తేయాకుగా పేరుపొందిన సరుకులో పెద్ద వాటా ఈ చిన్న ఊరిదే. జపనీస్ తెలిసిన మిత్రుడితో కలిసి మే మొదటి వారంలో అక్కడి ఒక రైతు కుటుంబం తోటకు వెళ్లాను. పాత పంచాంగం ప్రకారం వసంతారంభం నుంచి 88వ రోజు, అంటే మే 2 ప్రాంతంలో, కోసిన ఆకు శ్రేష్ఠమని అక్కడివారి నమ్మకం.

తోటలో ముందుగా కంటబడేవి ఎత్తైన స్తంభాలపై ఉన్న ఫ్యాన్లు. చిగురు వేసే రోజుల్లో ఒక్క రాత్రి మంచు పేరుకున్నా తొలి పంట మాడిపోతుంది. గాలి కదలని రాత్రుల్లో చలిగాలి నేలను పట్టుకుని ఉంటే, అంతకన్నా వెచ్చని గాలి పైన నిలిచిపోతుంది కాబట్టి, ఆ ఫ్యాన్లు దాన్ని మొక్కల మీదికి తోస్తాయి.

మనిషి ఎక్కి నడిపే కోత యంత్రం ఆ ఏటవాలులో నిలవదు. భార్యాభర్తలు వరుసకు చెరో పక్కన నిలబడి, వంపు తిరిగిన బ్లేడున్న యంత్రాన్ని చెరో కొస పట్టుకుని నడుస్తారు. తెగిన చిగురు గాలి విసురుకు వెనకనున్న పొడవాటి సంచిలోకి పోతుంది. పల్లం వైపున్న ఆయన చేతులు భుజాల ఎత్తుకు లేస్తే, మిట్ట వైపున్న ఆవిడ నడుం వంచి నడుస్తున్నారు. ఇద్దరి అడుగు ఏమాత్రం తేడా వచ్చినా ముదురాకు కూడా తెగి, సరుకు విలువ పడిపోతుంది.

కోసిన ఆకు వెంటనే షెడ్డుకు చేరాలి. ఆవిరి పడితేనే ఆకు నల్లబడడం ఆగి, పచ్చదనం నిలుస్తుంది. ఆ తర్వాత వేడిగాలిలో ఆరబెడుతూ, యంత్రాల్లో అంచెలంచెలుగా నలిపి, సూదుల్లాంటి సెంచా అనే గ్రీన్ టీగా తయారుచేస్తారు. ఆవిరి పట్టిన చిగురును వేడి మీద చేత్తో నలిపి ఆరబెట్టే పద్ధతిని 1738లో నగతాని సోయెన్ అనే తేయాకు రైతు తీర్చిదిద్దింది పొరుగునున్న ఉజితావరాలోనే.

రైతుగారి తల్లి మాకు సెంచా కాచి ఇచ్చారు. మరిగిన నీటిని ఒక గిన్నెలోంచి మరో గిన్నెలోకి వంచుతూ బాగా చల్లార్చి, అప్పుడు ఆకు మీద పోశారు. నీళ్లు మరీ వేడిగా ఉంటే వగరు ముందుకొస్తుందట. మొదటి గుక్కలో తగిలింది లేత తోటకూర ఉడికిన నీళ్ల కమ్మదనం; తీపి ఆ తర్వాత నెమ్మదిగా గొంతులో తెలిసింది. మూడు సార్లు నీళ్లు పోశాక మిగిలిన ఆకుపై సోయా సాస్ చుక్కలు వేసి తినమన్నారు. నాకు అన్నింటికన్నా అదే నచ్చింది.

మెత్తని గ్రీన్ టీ పొడి అయిన మచ్చాకు ప్రపంచమంతటా గిరాకీ పెరగడంతో, వ్యాపారులు ఇప్పుడు దానికి కావలసిన తెంచా అనే ఆకునే అడుగుతున్నారని రైతుగారు చెప్పారు. తెంచా కోసం కోతకు ముందు సుమారు మూడు వారాలు మొక్కలపై నల్లని వలబట్ట కప్పాలి. ఎండ తగలకపోతే రుచినిచ్చే థియనిన్ అనే పదార్థం తరగక ఆకులో కమ్మదనం నిలుస్తుంది. ఆ ఆకును నలపకుండా ఆరబెట్టి తిరగలిలో విసురుతారు. ఆయనకు సెంచాపై మమకారం ఉన్నా, కుటుంబం గడవాలంటే ధర పలికే పంట వైపు మళ్లక తప్పదు, ఆ లెక్కను నేను తప్పుపట్టలేను. వచ్చే ఏడాది దిగువ మడులకు వలబట్ట వేయాలని ఆయన నిర్ణయించుకున్నారు. మామగారు నాటిన పై మడి జోలికి మాత్రం వెళ్లవద్దని ఆయన భార్య పట్టుబట్టగా, అందుకు ఒప్పుకున్నారు.