దిగని స్టేజీలు

ముప్పై ఒక్క ఏళ్లు కండక్టరుగా చేశాను. నల్లగొండ చుట్టుపక్కల ఏ స్టేజీ నుంచి ఏ స్టేజీకి ఎంత చార్జీయో నిద్రలో లేపి అడిగినా చెప్తాను, కానీ ఆ స్టేజీలో దిగితే లోపల ఊరెట్లుంటదని అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు. చూసిందంతా ఫుట్‌బోర్డు మీద నుంచే, అదీ చిల్లర లెక్కపెట్టుకుంటూ.

రిటైరయ్యాక మొదటి రెండు నెలలు అధ్వాన్నం. పొద్దున నాలుగింటికే మెలకువ, డ్యూటీ లేదు. పేపరు, టీవీ, మళ్లీ టీవీ. మా ఆవిడేమో 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఫ్రీ బస్సు వచ్చినప్పటి నుంచి జీరో టికెట్ మీద చెల్లెలింటికి, చెర్వుగట్టుకు, యాదగిరిగుట్టకు ఒకటే తిరుగుడు. బస్సుల్లో బతికినోడు మంచం మీద, ఆమె బస్సులో! ఒకరోజు చెప్పులేసుకుంటూ "నువ్వు కూడా యాడికన్న పోరాదు" అంది. రోషమొచ్చింది.

పాత స్కూటర్ తీసి ముందుగా పానగల్లు పోయాను. టౌను నుంచి మూడు నాలుగు కిలోమీటర్లు, సిగ్గుచేటు, నా సర్వీసులో ఆ పేరు ఎన్ని వేలసార్లు అరిచానో! ఛాయా సోమేశ్వరాలయం గురించి వినడమే గాని చూసింది లేదు. మండపం ఒక్కటే, దాని చుట్టూ మూడు గర్భగుళ్లు. అందులో ఒకదాంట్లో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పొద్దంతా పడుతుంది, సూర్యుడు కదిలినా అది కదలదు. నాకు లెక్క తేలందే నిద్ర పట్టదు గదా, టిఫిన్ బాక్సు పట్టుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నా. మధ్యలో స్తంభాల దగ్గరికి పోయి ఒక్కొక్కదాన్నీ చూశా, ఈ నీడ ఫలానా దానిది అని చెప్పడానికి లేదు. ఎండ నేరుగా లోపలికి పడదు, పక్కల నుంచి చెదిరి వస్తుంది, అన్ని స్తంభాల నీడలూ కలిసి ఒక్కటై నిలబడతాయని అక్కడికి వచ్చిన ఒక సైన్సు సారు చెప్పారు. కందూరు చోళుల కాలంలో ఈ లెక్క కట్టినవాడెవడో గాని, మా టికెట్లు కొట్టే టిమ్ మిషన్ లేకుండానే కట్టాడు! పక్కనున్న ఉదయసముద్రం కూడా వాళ్లు తవ్వించిందే. ఇన్నేళ్లూ నాకది కిటికీ పక్క సీటోళ్లు చూసే చెరువు, అంతే.

ఆ తర్వాత ఆగలేదు. పచ్చల సోమేశ్వరం గుడి, కృష్ణలో మూసీ కలిసే వాడపల్లి, సూర్యాపేట దగ్గర పిల్లలమర్రి. వారానికొక స్టేజీ.

దేవరకొండ ఖిల్లా మాత్రం గుర్తుండిపోతుంది. రేచర్ల పద్మనాయకుల కోట, గుట్ట మీద గుట్ట. అరవై దాటాక మోకాళ్లు ఏమంటాయో ఆలోచించకుండా ఎక్కేశాను, దిగేటప్పుడు దారి తప్పాను. చుట్టూ సీతాఫలం చెట్లు, బండలు, సెల్లులో సిగ్నల్ లేదు, నీళ్ల బాటిల్ ఖాళీ. టెన్షన్ పడలేదంటే అబద్ధమే. మేకలు కాసే పిల్లగాడొకడు పైనుంచి చూసి "ఓ తాతా, ఎటు వోతున్నవ్? అటు తొవ్వ లేదు" అని అరిచాడు. నా జన్మలో నాకు స్టేజీ చెప్పిన మొదటి మనిషి వాడే. కింద దాకా తీసుకొచ్చి వదిలాడు, యాభై ఇస్తే తీసుకోలేదు, గోలీసోడా తాగిస్తే మాత్రం రెండు తాగాడు.

ఇంటికొచ్చి కాళ్లు వేణ్నీళ్లలో పెట్టుకుని కూర్చుంటే మా ఆవిడ తిట్టాల్సినంత తిట్టింది. తర్వాత వచ్చే వారం ఎటు అని అడిగింది. అలంపూర్ అన్నా, నవబ్రహ్మ గుళ్లు చూడాలి, స్కూటర్ మీద కాదు బస్సులోనే.

"అయితే నేనూ వస్తా. నాకెట్లాగూ జీరో, నీ టికెట్ నువ్వే కొట్టించుకో" అంది.