తడి చేతికి పలికే బటన్: రియాక్ట్ నేటివ్‌తో నా అనుభవం

పర్లాకిమిడిలో మా బాబాయికి వాటర్ ప్లాంటు ఉంది. రోజూ 20 లీటర్ల క్యాన్లు ట్రాలీ ఆటోకెక్కి హోటళ్లకీ, కొట్లకీ, ఇళ్లకీ వెళ్తాయి. నిండుది దించి ఖాళీది ఎక్కించుకు రావాలి. ఈ వ్యాపారంలో అసలు తలనొప్పి నీళ్లు కాదు, ఖాళీలు. ఎవరి దగ్గర ఎన్ని ఉండిపోయాయో తేలదు, క్యాన్ ఖరీదేమో అందులో నీళ్ల కంటే చాలా ఎక్కువ. లెక్కంతా ఆటో సీటు కింద నోటు పుస్తకంలో ఉండేది. అది తడిసి, సిరా పాకి, నెలాఖరు వచ్చేసరికి ప్రతి హోటల్ దగ్గరా ఒక పేచీ. "వెబ్‌సైట్లు కడతావు కదరా, దీనికి ఫోన్లో ఏదో ఒకటి చేసిపెట్టు" అన్నాడు బాబాయి.

చూస్తే చిన్న పనే. ఖాతాదారు పేరు, ఇచ్చిన క్యాన్లు, వచ్చిన ఖాళీలు. రెండు అంకెలు, ఒక్కోదానికి ఒక ప్లస్, ఒక మైనస్, కింద నమోదు చేసే బటన్ ఒకటి. టైపు చేసేది దాదాపు ఏమీ లేదు. అంటే యాప్ అంతా బటన్లే. అవి సరిగ్గా పలికితే యాప్ ఉన్నట్టు, లేకపోతే నోటు పుస్తకమే నయం.

వెబ్ పేజీలు కట్టే రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ అలవాటు కాబట్టి, అదే పద్ధతిలో ఫోన్ యాప్‌లు కట్టే రియాక్ట్ నేటివ్ పట్టుకున్నాను. ఎక్స్‌పో గో యాప్ ఫోన్లో వేసుకుని, కంప్యూటర్ తెర మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే రాసింది రాసినట్టు ఫోన్లో కనబడుతుంది. అంతవరకు హాయే. వెబ్ నుంచి వచ్చినవాళ్లకు మొదటి తేడా ఇక్కడే తగులుతుంది. వెబ్‌లో ఏ డివ్‌కైనా (పేజీలోని పెట్టెకైనా) ఆన్‌క్లిక్, అంటే నొక్కితే జరగాల్సిన పని, తగిలించవచ్చు. ఇక్కడ డివ్‌లాంటి పెట్టె అయిన వ్యూకి, ఆన్‌క్లిక్‌లాంటి ఆన్‌ప్రెస్ ఇస్తే ఎర్రర్ రాదు, పనీ జరగదు, ఊరికే మింగేస్తుంది. రాత చూపే టెక్స్ట్ మాత్రం ఆన్‌ప్రెస్ తీసుకుంటుంది. కానీ అక్షరాల మీద నొక్కితేనే పలికేది బటన్ ఎలా అవుతుంది?

రెడీమేడ్‌గా బటన్ అనే కాంపోనెంట్ (తెర మీద పెట్టుకునే ముక్క) ఉంది. టైటిల్, ఆన్‌ప్రెస్ ఇస్తే చాలు, బటన్ తయారు. దానికి స్టైల్ అనే ప్రాప్ (బయటి నుంచి ఇచ్చే విలువ) లేదు. ఇచ్చుకోగలిగింది రంగు ఒక్కటే, ఆ రంగు కూడా ఆండ్రాయిడ్‌లో వెనక పూత అవుతుంది, ఐఫోన్‌లో అక్షరాల రంగు అవుతుంది. ఆండ్రాయిడ్‌లో ఇంగ్లీషు టైటిల్‌ని పెద్ద అక్షరాలుగా మార్చేస్తుంది కూడా. మన లిపికి ఆ బెడద లేదనుకోండి. ఎత్తు, మూలల గుండ్రం, ఐకాన్ మన చేతిలో ఉండాలంటే సొంతంగా కట్టుకోవాల్సిందే.

దానికి పాత దారి టచబుల్ ఒపాసిటీ. నొక్కితే లోపలున్నదంతా మసకబారుతుంది, మామూలుగా 0.2 వరకు. కొత్త దారి ప్రెసబుల్, 2020లో 0.63 వెర్షన్‌తో వచ్చింది. నేను రెండోది తీసుకున్నాను. ప్రెసబుల్‌లో నాకు నచ్చిన సంగతి ఒకటుంది: స్టైల్ స్థానంలో ఒక ఫంక్షన్ (పిలిస్తే నడిచే కోడ్ ముక్క) ఇవ్వవచ్చు. వేలు మీద ఉందో లేదో 'ప్రెస్డ్' అనే విలువగా దానికి అందుతుంది. వేలు ఉన్నంతసేపు ముదురు పచ్చ, తీయగానే మామూలు పచ్చ, అంతా ఒక్క వరుసలో అయిపోతుంది. ఆండ్రాయిడ్ రిపుల్ అని ఇంకో ప్రాప్ ఇస్తే నొక్కినచోటు నుంచి అలలా రంగు పాకుతుంది. నా ఫోన్లో ఆ అల గుండ్రటి మూలల్ని దాటి చదరంగా బయటికి వచ్చింది. ప్రెసబుల్‌ని ఒక వ్యూలో పెట్టి, గుండ్రం ఆ వ్యూకి ఇచ్చి, ఓవర్‌ఫ్లో హిడెన్ (హద్దు దాటింది కనబడనివ్వకు) అంటే లోపలే ఉండిపోయింది.

ఆన్‌ప్రెస్ దగ్గర ఒక మాట, కొత్తవాళ్ల కోసం. అక్కడ ఫంక్షన్ పేరు ఇవ్వాలి, ఫంక్షన్‌ని పిలవకూడదు. పేరు పక్కన బ్రాకెట్లు పెట్టారో, స్క్రీన్ గీసినప్పుడే అది నడిచిపోతుంది, నొక్కినప్పుడు ఏమీ జరగదు. ఖాతాదారు నంబరులాంటిది పంపాలంటే బాణం ఫంక్షన్‌లో (=> గుర్తుతో రాసే చిన్న ఫంక్షన్) చుట్టి ఇవ్వాలి.

నా టేబుల్ దగ్గర అన్నీ బ్రహ్మాండంగా పనిచేశాయి. ఆటో నడిపే కుర్రాడి చేతికి ఇచ్చాక అసలు కథ మొదలైంది. "ఇదేటన్నా, నొక్కితే పలకదేటి? జారిపోతంది" అన్నాడు. పక్కన కూర్చుని చూశాను. క్యాన్ దించిన చేయి తడి. ఆ చేత్తో ప్లస్ మీద నొక్కితే అంకె పెరగలేదు, జాబితా మొత్తం రెండు వరుసలు కిందికి జరిగింది. రెండోసారి నొక్కితే వేలి కిందికి వచ్చిన ఇంకో హోటల్ ఖాతాలో ఒక క్యాన్ పెరిగింది.

కారణం ఇది. ఫోన్ తెర వేలి స్పర్శని విద్యుత్ మార్పుగా పసిగడుతుంది. నీటికీ ఆ గుణం ఉంది కాబట్టి తడి వేలు ఎక్కడ ఆనిందో తెరకు స్పష్టంగా తెలియదు, ఆనిన చోటు అటూ ఇటూ కదులుతున్నట్టు కనిపిస్తుంది. వేలు కదిలిందంటే, జరిగే జాబితా 'ఇది నా కోసమే' అనుకుని ఆ స్పర్శని లాగేసుకుంటుంది. అప్పుడు ప్రెసబుల్‌కి ఆన్‌ప్రెస్ అందదు. వేలు కాస్త పక్కకి జారినా నొక్కు రద్దు కాకుండా ప్రెస్ రిటెన్షన్ ఆఫ్‌సెట్ అని ఒక వెసులుబాటు ఉంది, మామూలుగా చుట్టూ 20, కింద 30. అయితే జాబితా లాగేసుకున్నాక అది ఎంతున్నా లాభం లేదు.

అందుకని బటన్ని మరమ్మతు చేయడం మానేసి, బటన్ ఉన్న చోటు మార్చాను. జాబితాలో పేర్లు మాత్రమే ఉంచాను. పేరు నొక్కితే ఆ ఖాతాదారు ఒక్కడికే ఒక స్క్రీన్ తెరుచుకుంటుంది, అది అసలు జరగదు. ఒక నొక్కు ఎక్కువైంది, నిజమే. నొక్కులు తగ్గించడమే మంచి డిజైన్ అని చాలామంది అంటారు. తడి చేతుల దగ్గర ఆ లెక్క చెల్లదని నా అభిప్రాయం.

కొలతల సంగతి. నొక్కే స్థలం కనీసం 48 డీపీ (ఏ తెర మీదైనా దాదాపు ఒకే సైజులో ఉండే కొలత) ఉండాలని ఆండ్రాయిడ్‌కి గూగుల్ చెబుతుంది, తెర మీద అది సుమారు 9 మిల్లీమీటర్లు. ఆపిల్ 44 పాయింట్లు అంటుంది. రియాక్ట్ నేటివ్‌లో స్టైల్‌కి రాసే అంకెలు డీపీలే కాబట్టి 48 అని నేరుగా రాసుకోవచ్చు. ఈ కొలతలు పొడి వేళ్లకు సరిపోతాయి. నేను ప్లస్, మైనస్‌లను 72 చేసి, రెంటినీ తెర చెరో అంచున పెట్టి, అంకెను మధ్యలో ఉంచాను. పక్కపక్కన ఉంటే ఒకటి నొక్కబోయి ఇంకొకటి నొక్కుతారు.

వెనక్కి వెళ్లే బాణం మాత్రం చిన్నదే ఉంచాను, దానికి హిట్‌స్లాప్ ఇచ్చాను. కంటికి కనబడే బొమ్మ అంతే ఉంటుంది, దాని చుట్టూ మనం చెప్పినంత మేర కూడా స్పర్శకి పలుకుతుంది. దీనికో షరతు ఉంది. ఆ పెంచిన మేర తల్లి వ్యూ హద్దు దాటి పనిచేయదు. బాణం ఉన్న పెట్టె బిగుతుగా ఉంటే హిట్‌స్లాప్ 30 ఇచ్చినా ఒకటే, 3 ఇచ్చినా ఒకటే. ముందు పెట్టెకి ప్యాడింగ్ (లోపలి ఖాళీ జాగా) పెంచాలి.

ఇక మా ఊరికి మాత్రమే వచ్చే చిక్కు. 1936లో ఒడిశా వేరు పడ్డప్పుడు పర్లాకిమిడి ఇటు ఒడిశాలోకి వచ్చింది, కూతవేటు దూరంలోని పాతపట్నం అటు ఆంధ్ర వైపే ఉండిపోయింది. ఇళ్లలో తెలుగు, బడిలో ఒడియా. ఆటో నడిపే కుర్రాడు తెలుగు చదువుతాడు, క్యాన్లు మోసే కుర్రాడికి ఒడియానే వచ్చు, నన్ను భాయినా (అన్నా) అంటాడు. కాబట్టి బటన్ల మీద రాత రెండు లిపుల్లోకీ మారాలి.

ఇంగ్లీషులో 'సేవ్' అని పెట్టినన్నాళ్లూ బటన్ నిండుగా, అందంగా ఉంది. తెలుగులో 'ఇచ్చాం', 'ఖాళీలొచ్చాయి' అని పెట్టగానే చకారం కింది వత్తు సగానికి తెగింది. రాత బటన్‌కి నట్టనడుమ కుదరాలంటే ఇన్‌క్లూడ్ ఫాంట్ ప్యాడింగ్‌ని ఫాల్స్ చేయమని ఎక్కడ వెతికినా సలహా దొరుకుతుంది, నేనూ అలాగే పెట్టి ఉన్నాను. ఆండ్రాయిడ్ అక్షరాలకు పైనా కిందా వదిలే అదనపు జాగా అది. ఇంగ్లీషుకి ఆ జాగా దండగ కావచ్చు. గుడి పైన, వత్తు కింద ఉండే లిపికి అది ఇంటి పెరడు లాంటిది, తీసేస్తే సామాను రోడ్డు మీదే. తిరిగి ట్రూ చేశాను. లైన్ హైట్‌ని (ఒక్కో వరుస ఎత్తుని) ఫాంట్ సైజుకి ఒకటిన్నర రెట్లకు పైనే ఉంచాను. అన్నిటికంటే ముఖ్యం, హైట్ అని స్థిరంగా రాయడం మానేసి మిన్ హైట్ (కనీస ఎత్తు) ఇచ్చి, నిలువు ప్యాడింగ్‌తో నడిపించాను. రాత ఎంత కావాలంటే బటన్ అంత పెరుగుతుంది. ఒడియాలోనూ అక్షరాల కింద అక్షరాలు వస్తాయి కాబట్టి ఆ పక్కా ఇదే మందు పనిచేసింది.

మిన్ హైట్ మేలు బాబాయి ఫోన్లో తెలిసింది. ఆయన సెట్టింగుల్లో అక్షరాల సైజు చివరిదాకా లాగేసి ఉంటుంది. రియాక్ట్ నేటివ్ టెక్స్ట్ ఆ సెట్టింగుని పాటిస్తుంది. అలో ఫాంట్ స్కేలింగ్‌ని ఫాల్స్ చేసి దాన్ని ఆపేయొచ్చు, కానీ కళ్లు ఆనక పెద్దవి చేసుకున్న మనిషికి మళ్లీ చిన్నక్షరాలు చూపించడం ఏం మర్యాద? మాక్స్ ఫాంట్ సైజ్ మల్టిప్లయర్ అనే ప్రాప్‌తో ఒక గరిష్ఠ పరిమితి మాత్రం పెట్టాను. బటన్లు లావయ్యాయి, తెర దాటలేదు.

రంగులు చాలా తేలిగ్గా తేలాయి. లేత పచ్చ మీద తెల్ల అక్షరాలు గదిలో ముచ్చటగా ఉంటాయి, మధ్యాహ్నం ఆటో దగ్గర ఏమీ కనబడవు. మామూలు సైజు రాతకు, వెనక రంగుకు మధ్య 4.5:1 కాంట్రాస్ట్ ఉండాలని వెబ్ ప్రమాణాల్లో ఉంది. అది చూసుకుని ముదురు పచ్చకి మారాను.

తర్వాత బటన్ ఆలస్యంగా పలకడం. నమోదు నొక్కితే రంగు మారేది కాదు, కాసేపటికి పని పూర్తయిన టిక్కు మాత్రం వచ్చేది. ఈలోపు కుర్రాడు ఇంకోసారి నొక్కేవాడు, లెక్క రెండుసార్లు ఎక్కేది. ఇందులో రెండు వేరు వేరు సమస్యలున్నాయి. మొదటిది, ఆన్‌ప్రెస్‌లో బరువైన పని పెడితే మన కోడ్‌ని నడిపే జావాస్క్రిప్ట్ థ్రెడ్ ఆ పనిలో పడి, నొక్కిన గుర్తు చూపించడం వాయిదా వేస్తుంది. ఆ పనిని రిక్వెస్ట్ యానిమేషన్ ఫ్రేమ్‌లో పెడితే ముందు రంగు మారుతుంది, తర్వాత పని మొదలవుతుంది. పైగా డెవలప్‌మెంట్ మోడ్‌లో (రాస్తూ పరీక్షించేటప్పుడు) అంతా నెమ్మదే, వేగం గురించి తీర్పు రిలీజ్ బిల్డ్ (వాడేవాళ్లకు ఇచ్చే రూపం) మీదే చెప్పాలి.

రెండోది, రెండుసార్లు నొక్కడం. పని సాగుతున్నంతసేపు డిసేబుల్డ్ ట్రూ చేసి (బటన్ పలకకుండా ఆపి), రాతని 'ఆగండి' అని మార్చాను. స్టేట్ (యాప్ గుర్తుంచుకునే విలువ) మారి స్క్రీన్ మళ్లీ గీసేలోపు ఇంకో నొక్కు దూరే సందు కూడా ఉండకూడదని ఒక రెఫ్‌లోనూ (స్క్రీన్ మళ్లీ గీయకుండానే వెంటనే మారే చోటు) గుర్తు పెట్టుకున్నాను. ఇవి రెండూ పైపై కాపలాలే. ఊరి బయట సిగ్నల్ పోయి, పంపినది చేరిందో లేదో తెలియక ఫోన్ మళ్లీ పంపినప్పుడు బటన్ ఏం చేయగలదు? అందుకని ఒక్కో నమోదుకీ ఫోన్లోనే ఒక ఐడీ పుట్టించి పంపుతున్నాను. అదే ఐడీ రెండోసారి వస్తే సర్వర్ పట్టించుకోదు.

ఆటో ఇంజిన్ చప్పుడులో టిక్కు శబ్దం వినపడదు, తెర వైపు చూసే తీరికా ఉండదు. నమోదు అయ్యాక ఫోన్ అదిరితే బాగుంటుందని అడిగింది క్యాన్లు మోసే కుర్రాడే. ఫోన్‌ని అదిరించే వైబ్రేషన్ ఏపీఐ పిలిస్తే సరి, ఆండ్రాయిడ్‌లో దానికి వైబ్రేట్ అనుమతి మ్యానిఫెస్ట్‌లో (యాప్ అనుమతులు రాసే ఫైల్లో) ఉండాలి. ఏ అంకె ఇవ్వకపోతే 400 మిల్లీసెకన్లు అదురుతుంది, అది ఫోన్ వచ్చినట్టే ఉంటుంది. 60కి తగ్గించాను. యాప్ మొత్తంలో వాళ్లిద్దరికీ బాగా నచ్చినది ఇదే, నేను కష్టపడ్డ రంగుల అలలూ, గుండ్రటి మూలలూ కాదు.

ఎక్కువసేపు నొక్కి పట్టడం కూడా పెట్టి చూశాను. ఆన్ లాంగ్ ప్రెస్ మామూలుగా 500 మిల్లీసెకన్లకు పలుకుతుంది. ప్లస్‌ని నొక్కి పడితే ఒక్కసారే ఐదు పెరిగేలా చేశాను. ఎవరూ వాడలేదు, చెప్పినా వాడలేదు. పైగా తడి వేలు ఆనించి ఉంచితే అనుకోకుండా ఐదు పెరిగేది. తీసేసి, పెద్ద హోటళ్ల కోసం '+5' అని కంటికి కనబడే బటన్ ఒకటి పక్కన పెట్టాను.

కొత్త ఖాతాదారుని చేర్చే ఫారంలో ఇంకో విచిత్రం. ఫోన్ నంబరు టైపు చేశాక చేర్చు నొక్కితే కీబోర్డు మూసుకుంటుంది, అంతే. మళ్లీ నొక్కితే గానీ చేరదు. బటన్‌లో దోషమేమీ లేదు. స్క్రోల్ వ్యూ (పైకీ కిందికీ జరిగే పెట్టె) స్వభావం అది: కీబోర్డు తెరిచి ఉంటే మొదటి నొక్కుని దాన్ని మూయడానికే ఖర్చు పెడుతుంది. కీబోర్డ్ షుడ్ పర్సిస్ట్ ట్యాప్స్ అనే ప్రాప్‌కి 'హ్యాండిల్డ్' ఇస్తే మొదటి నొక్కే బటన్‌కి అందుతుంది.

ఇవన్నీ తేలాక ప్లస్, మైనస్, నమోదు, చేర్చు నాలుగూ ఒకే కాంపోనెంట్ నుంచి వచ్చేలా తిరగరాశాను. రాత, రంగు, సైజు, ఆన్‌ప్రెస్ బయటి నుంచి వస్తాయి, మిగతాదంతా లోపలే. ప్లస్‌లో బొమ్మ తప్ప రాత లేదు కాబట్టి యాక్సెసిబిలిటీ లేబుల్‌గా 'ఒక క్యాన్ పెంచు' అని, రోల్‌గా బటన్ అని ఇచ్చాను. తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టి విన్నాను, తెలుగులో బాగానే చదువుతోంది.

నోటు పుస్తకం ఇంకా సీటు కిందే ఉంది. ఈ నెల రెండూ రాయమన్నాడు బాబాయి, యాప్ అంకెలూ పుస్తకం అంకెలూ కలిస్తే వచ్చే నెల నుంచి బిల్లు కూడా యాప్‌లోంచే తీయమంటున్నాడు. ఆ స్క్రీన్‌లో బటన్ ఒక్కటే, బిల్లుని ఖాతాదారు వాట్సాప్‌కి పంపేది.