బోర్డులో పేరు ఇమ్మంటే బైలాస్ అడిగాను

రిటైరైన ఆడవాళ్లకు మా కర్నూలులో రెండు రకాల పిలుపులు వస్తాయి. ఒకటి అపార్ట్‌మెంటు కమిటీ నుంచి, రెండోది ఏదో ఒక స్వచ్ఛంద సంస్థ నుంచి. నేను గ్రామీణ బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరయ్యాను కాబట్టి, లెక్కలు చూస్తుందిలే అన్న ఆశతో ఇద్దరూ పిలిచారు. మొదటిది తప్పించుకున్నాను. రెండోది 2023 ఎండాకాలంలో వచ్చింది. ఆడవాళ్లకు నాయకత్వ శిక్షణ ఇచ్చే సంస్థ అది. సర్పంచులు, వార్డు మెంబర్లు, పొదుపు సంఘాల లీడర్లు, డిగ్రీ ఆఖరి సంవత్సరం అమ్మాయిలు వాళ్ల దగ్గరికి వస్తారు.

కార్యదర్శి ఫోన్ చేసి, "మేడమ్, మీలాంటి పెద్దవాళ్లు కార్యవర్గంలో ఉంటే మాకు బలం. మూడు నెలలకొక మీటింగు, అంతే. పనేం ఉండదు" అంది. మంచి పిల్లే, మర్యాద కోసం అన్న మాటే. కానీ సంతకం ఒక్కటే, వేరే పనేం లేదు అనేవాళ్ల ఫైళ్లనే రెండుసార్లు చదివే అలవాటు నాది. సరే ఆలోచిస్తాను, ముందు కాగితాలు పంపమ్మా అన్నాను.

అడిగినవి ఇవి: రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, మెమొరాండం (ఆశయాల పత్రం), బైలాస్ (నియమావళి), మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు, మినిట్స్ బుక్కు (మీటింగుల్లో జరిగింది రాసే పుస్తకం), పాన్, ఆదాయపు పన్ను వాళ్లిచ్చిన 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (విరాళమిచ్చినవాళ్లకు పన్ను రాయితీ) ఉత్తర్వులు. మన రాష్ట్రంలో సొసైటీలు 2001 చట్టం కింద రిజిస్టర్ అవుతాయి. కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ఈ ఏడుగురి దగ్గరే చాలా సంస్థల గుట్టు తెలిసిపోతుంది. భర్త అధ్యక్షుడు, భార్య కోశాధికారి, బావమరిది సభ్యుడు. ఇక్కడ అలా లేదు, అది చూసి కాస్త ధైర్యం వచ్చింది.

12ఏ గురించి అడిగితే, "అది ఎప్పుడో వచ్చింది మేడమ్, పర్మనెంట్" అంది. ఒకప్పుడు పర్మనెంటే. 2021 ఏప్రిల్ నుంచి మారింది. పాత సంస్థలన్నీ ఫారం 10ఏ వేసి మళ్లీ రిజిస్ట్రేషన్ తెచ్చుకోవాల్సి వచ్చింది, అదీ ఐదేళ్లకే. కొత్త సంస్థలకైతే ముందు మూడేళ్లకు తాత్కాలికంగా ఇస్తారు. అదృష్టం, వీళ్ల ఆడిటరు ఆ పని సమయానికి చేసిపెట్టాడు. ఆ సంగతి కార్యదర్శికే తెలియదు.

నాకు నచ్చనిది మినిట్స్ బుక్కు. ఏ మీటింగు తీసినా ఒకటే వాక్యం: "చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది." ఏం చర్చించారో లేదు. ఎవరు ఏమన్నారో లేదు. నేను వస్తే ఇది మారాలి అని ఒక్క షరతు పెట్టి ఒప్పుకున్నాను.

నాతో పాటు వచ్చినవాళ్లు సామాన్యులు కారు. ఒకావిడ గైనకాలజిస్టు, ఊళ్లో సగం కాన్పులు ఆమె చేతి మీదే అయ్యాయంటారు. ఒకావిడ నంద్యాల లాయర్. ఒకావిడ ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్‌గా చేసి దిగారు. ఇంకొకావిడ ఆదోనిలో పత్తి జిన్నింగ్ మిల్లు నడుపుతారు, మార్కెట్ యార్డులో మగవాళ్లతో సమానంగా ధర తెగ్గొట్టే మనిషి. ఆ తర్వాత ఓర్వకల్లు వైపు ఒక మాజీ సర్పంచ్.

మాజీ సర్పంచ్ విషయంలోనే కొంచెం గుసగుస నడిచింది. "ఆమె మంచిదే కానీ ఇంగ్లీషు రిపోర్టులు చదవలేదు కదా" అని. ఈ మాట నాకు ఒళ్లు మండించింది. 1990ల్లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ యూఎన్‌డీపీ వాళ్ల సాపాప్ అనే పేదరిక నిర్మూలన ప్రాజెక్టు కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పొదుపు సంఘాలు కట్టినప్పుడు, ఆ సంఘాల్లో రూపాయి రూపాయి లెక్క రాసి పైకొచ్చిన తరం ఆమెది. 2013లో గెలిచి ఐదేళ్లు సర్పంచ్‌గా చేసింది. ఆమెకు ఇంగ్లీషు రాకపోతే రిపోర్టు తెలుగులో ఇవ్వాలి, అంతేకదా. ఆడిటరును అడిగితే జమాఖర్చులు తెలుగులో రెండు పేజీలకు కుదించి ఇచ్చాడు. తీరా చూస్తే డాక్టరమ్మ కూడా ఆ తెలుగు కాగితమే ముందేసుకుంది.

సర్వసభ్య సమావేశంలో ఎన్నిక సాఫీగానే జరిగింది. కొత్త కార్యవర్గం జాబితా జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేశాం. అసలు టెన్షన్ బ్యాంకులో. చెక్కుల మీద సంతకాలు మార్చాలి. తీర్మానం కాపీ, అందరి ఫొటోలు, ఆధార్లు, పాన్లు పట్టుకెళ్లాం. లాయర్ మేడమ్ ఆధార్‌లో కర్నూలు జిల్లా అని ఉంది, మేమిచ్చిన జాబితాలో నంద్యాల జిల్లా అని ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి, ఆమె ఇల్లు మాత్రం కదల్లేదు కదా బాబూ అంటే, కౌంటరు అబ్బాయి "సిస్టం తీసుకోదు మేడమ్" అన్నాడు. మాజీ సర్పంచ్‌కు పాన్‌లో ఇంటిపేరు చివర, ఆధార్‌లో ముందు. దానికి ఇంకో డిక్లరేషన్. పైగా పాత కోశాధికారి వచ్చి సంతకం పెట్టాలన్నారు. ఆమె అమెరికాలో కూతురి దగ్గర ఉంది. దిగిపోయినవాళ్ల సంతకం కావాలని ఏ సర్క్యులర్‌లో ఉందో చూపించండి అని మేనేజరును అడిగాను. వెతికారు. దొరకలేదు. రిజిస్ట్రార్ ధ్రువీకరించిన జాబితా, తీర్మానం చాలన్నారు చివరికి. కౌంటరుకు అవతల కూర్చుని ఇన్నేళ్లు నేనూ జనాన్ని ఇలాగే తిప్పానా అనుకున్నానుగానీ, మనసు లేదనే చెప్పింది. కొంచెం పక్షపాతం ఉండొచ్చు.

మొదటి మీటింగు సెప్టెంబరులో. ఆ వారమే మహిళా రిజర్వేషన్ బిల్లు లోక్‌సభలో, రాజ్యసభలో పాసైంది. ప్రిన్సిపాల్ మేడమ్ ఉత్సాహం పట్టలేకపోయారు. అసెంబ్లీకి పోటీ చేసే ఆడవాళ్లను తయారుచేయడం అని మన ఆశయాల్లో కొత్తగా చేర్చాలన్నారు. అందరం తలలూపాం. లాయర్ మేడమ్ ఒక్కరే కళ్లజోడు తీసి, "ఆగండి" అన్నారు. ఆశయాలు మారిస్తే సర్వసభ్య సమావేశంలో ప్రత్యేక తీర్మానం కావాలి, రిజిస్ట్రార్ దగ్గర నమోదు కావాలి, ఆ మారిన 30 రోజుల్లో ఆదాయపు పన్ను వాళ్లకు ఫారం 10ఏబీ వేయాలి, వేయకపోతే 12ఏకే ఎసరు. పైగా ఆ రిజర్వేషన్ జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలు. "నాయకత్వ శిక్షణ అని ఇప్పటికే ఉంది. అందులో అసెంబ్లీ ఇమడదా?" అన్నారు. ఇమిడింది. ప్రిన్సిపాల్ మేడమ్ కాస్త చిన్నబుచ్చుకున్నారు, టీ వచ్చాక సర్దుకున్నారు.

తర్వాత ఖర్చులు. నేను వడ్డీలు, డిపాజిట్ల దగ్గర ఉన్నాను. మాజీ సర్పంచ్ భోజనాల ఓచర్ల దగ్గర ఆగింది.

"ఇదేందమ్మా, అరవై భోజనాలు రాసినారు. హాజరు పట్టీలో సంతకాలు నలభై ఐదే ఉండాయి. ఎం-బుక్కు లేకుండా బిల్లు ఎట్ల పాస్ చేస్తారు మీరు?"

ఎం-బుక్కు అంటే పంచాయతీ పనుల కొలతలు రాసే పుస్తకం, అది చూసే బిల్లు పాస్ చేస్తారు. గది నిశ్శబ్దమైపోయింది. కార్యదర్శి ముఖం ఎర్రబడింది. దొంగతనం ఏమీ లేదు. శిక్షణకొచ్చే చిన్న వయసు తల్లులు పిల్లల్ని చంకనేసుకుని వస్తారు, కొందరికి అత్తగారు తోడు వస్తుంది. వాళ్లకూ అన్నం పెడతారు, సంతకం పెట్టించరు. "మరి ఆ మాట ఓచరు మీద రాయండి" అంది మాజీ సర్పంచ్. అక్కడితో వదలలేదు. పిల్లలు ఏడుస్తుంటే ఆ తల్లులు శిక్షణ ఏం వింటారు, బయట కూర్చుంటారు కదా అని అడిగింది. ఇన్నేళ్లలో ఈ ప్రశ్న ఏ ఆడిటరూ అడగలేదు. ఆ రోజే బడ్జెట్లో కొత్త పద్దు ఒకటి పడింది: పిల్లల్ని చూసుకోవడానికి ఒక ఆయా, ఒక గది, పాలు, బిస్కెట్లు. డాక్టరమ్మ వెంటనే ఆ గదిలో ఏమేం ఉండాలో జాబితా చెప్పడం మొదలుపెట్టారు. నాకు తెలిసి ఆ మీటింగులో జరిగిన అసలు పని అదే.

మిల్లు మేడమ్ సంగతి కూడా చెప్పాలి. శిక్షణలకు అద్దెకు తీసుకునే ఫంక్షన్ హాలు వాళ్ల తమ్ముడిది. ఆమె తనే లేచి చెప్పారు. కార్యవర్గంలో ఉన్నవాళ్లకు, వాళ్ల దగ్గరి బంధువులకు సంస్థ డబ్బు లాభంగా చేరితే ఆదాయపు పన్ను చట్టం కింద మినహాయింపు పోయే ప్రమాదం ఉంది. మార్కెట్ రేటు ఇస్తే తప్పులేదు, కానీ అది మార్కెట్ రేటే అని మనం చూపించాలి. ఇంకో రెండు హాళ్ల కొటేషన్లు తెప్పించాం. ఓటు వేసేటప్పుడు ఆమె బయటికి వెళ్లారు, ఆ సంగతి మినిట్స్‌లో రాయించాం. తమ్ముడి హాలే చవక తేలింది.

కంపెనీల బోర్డుల సంగతి వేరు. 2013 కంపెనీల చట్టం వచ్చాక లిస్టయిన ప్రతి కంపెనీలో కనీసం ఒక మహిళా డైరెక్టరు ఉండాలి. పెద్ద కంపెనీల్లో స్వతంత్ర (యజమానులతో సంబంధం లేని) మహిళా డైరెక్టరే ఉండాలని షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ నిబంధన. అక్కడ మీటింగుకు ఫీజు ఇస్తారు. మా దగ్గర బస్సు ఛార్జీ కూడా లేదు. డాక్టరమ్మకు అక్కర్లేదు, కారులో వస్తారు. ఓర్వకల్లు నుంచి వచ్చే మనిషికి కావాలి, కానీ నోరు తెరిచి అడగదు. అందుకని ప్రయాణ ఖర్చు అందరికీ ఇవ్వాలని తీర్మానం చేశాం. వద్దనుకున్నవాళ్లు తీసుకుని మళ్లీ విరాళంగా రాసుకోవచ్చు. ఇద్దరు అలాగే చేస్తున్నారు, 80జీ రసీదు కూడా పట్టుకెళ్తున్నారు.

మినిట్స్ ఇప్పుడు నాలుగైదు పేజీలు వస్తున్నాయి. కార్యదర్శి తిట్టుకుంటూనే రాస్తుంది. ఏకగ్రీవం అన్న మాట తగ్గింది. మొన్న ఒక కంపెనీ సీఎస్ఆర్ నిధులు (కంపెనీలు సామాజిక సేవకు ఖర్చుపెట్టే డబ్బు) ఇస్తామంటే తీసుకుందామని నలుగురం, వద్దని ఇద్దరు. ఆ కంపెనీకి భూములిచ్చిన ఊళ్ల ఆడవాళ్లు మన శిక్షణకే వస్తున్నారు, రేపు వాళ్లు అక్కడ ఉద్యోగాల గురించి గట్టిగా అడిగితే మనం ఎటు నిలబడతాం అని మాజీ సర్పంచ్ అభ్యంతరం. డాక్టరమ్మ ఆమె వైపు. ఓట్లలో మేం గెలిచేవాళ్లమే, అయినా ఆ రోజు ఓటు పెట్టలేదు. ఒప్పంద పత్రం ముసాయిదా తెప్పించి, తెలుగులో రాయించి, అందరికీ పంపాం. వచ్చే మీటింగులో మొదటి అంశం అదే.