అడగకుండా తీసిన ఫోటోలు

కెనడాలోని మా బ్రాండన్‌లో మంచి కోడి ఎక్కడ దొరుకుతుందని కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు అడిగితే అందరం చెప్పే మాట ఒకటే: "కాలనీకి వెళ్ళండి." కాలనీ అనగానే హైదరాబాదు కాలనీలు గుర్తొస్తాయి గానీ, ఇక్కడ మానిటోబాలో ఆ మాటకి అర్థం వేరు. హటరైట్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు పొలాల మధ్య ఉమ్మడిగా బతికే ఊళ్ళవి. ఈ ఒక్క రాష్ట్రంలోనే వందకు పైగా ఉన్నాయి. భూమి, ట్రాక్టర్లు, కోళ్ళు, బ్యాంకులో డబ్బు, అన్నీ అందరివీ. ఎవరికీ జీతాలుండవు. అందరికీ ఒకేచోట వండుతారు.

పోయిన జూన్‌లో మా అమ్మాయిని తీసుకుని వెళ్ళాను. దానికి పదమూడేళ్ళు. పొడుగు గౌను వేసుకుని, తెల్ల చుక్కల నల్లగుడ్డ తలకి కట్టుకున్న ఒకావిడ మా కోళ్ళని సంచిలో సర్దుతోంది. కిటికీలోంచి ఎండ ఆమె భుజం మీద పడుతోంది. ఎంత బాగుందో అని ఫోన్ ఎత్తాను. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని కిందకి నొక్కింది.

"అమ్మా, అడిగావా?"

ఆవిడ చూసింది. ఏమీ అనకుండా అటు తిరిగి ఇంకో సంచి తీసింది. డబ్బులు ఇస్తున్నప్పుడు నవ్వుతూనే, "మాలో కొంతమందికి ఇష్టం ఉండదండీ" అన్నట్టు చెప్పింది. నాకు తల కొట్టేసినట్టయింది. దారి పొడుగునా మా అమ్మాయి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఎందుకు ఇష్టం ఉండదో ఆ రాత్రి కూర్చుని చదివాను. బైబిల్లోని పది ఆజ్ఞల్లో రూపాలు చేసుకోవద్దని ఒకటుంది. దాన్ని వాళ్ళలో గట్టిగా పట్టించుకునేవాళ్ళు ఫోటో దిగడం కూడా తప్పే అంటారు. అల్బర్టా రాష్ట్రంలో ఇది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అక్కడ మతపరమైన అభ్యంతరం ఉన్నవాళ్ళకి ఫోటో లేని డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చేవాళ్ళు. 2003లో ప్రభుత్వం అందరికీ ఫోటో తప్పనిసరి చేసింది. విల్సన్ కాలనీవాళ్ళు కేసు వేశారు. 2009లో సుప్రీంకోర్టు ప్రభుత్వం వైపే తీర్పు చెప్పింది, నలుగురు జడ్జీలు అటు, ముగ్గురు ఇటు. లైసెన్సు మీద ఫోటో వద్దని అంత దూరం వెళ్ళిన మనుషులున్నారని చదువుతూ, నా ఫోన్‌లో మా అమ్మాయి ఫోటోలు ఎన్నున్నాయో చూశాను. పదకొండు వేలు దాటాయి.

మానిటోబావాళ్ళు కాస్త సడలింపుగా ఉంటారు. అందుకే వాళ్ళ జీవితం మీద మంచి ఫోటోలు వచ్చాయి. మా ఊరి పేపరు బ్రాండన్ సన్ ఫోటోగ్రాఫర్ టిమ్ స్మిత్ 2009 నుంచి కాలనీలకి వెళ్ళి తీస్తున్నాడు. అల్బర్టాలో జార్జ్ వెబర్ కూడా లిటిల్ బో కాలనీకి ఏళ్ళ తరబడి వెళ్ళాడు. ఒక రోజు వెళ్ళి నాలుగు వింత ఫోటోలు పట్టుకొచ్చే పని వాళ్ళు పెట్టుకోలేదు. మళ్ళీ మళ్ళీ వెళ్ళి, వాళ్ళకి అలవాటై, కెమెరా ఉందన్న సంగతి వాళ్ళు మర్చిపోయాక తీసిన ఫోటోలవి.

అవన్నీ మా అమ్మాయికి చూపించాను. అందులో నా స్వార్థం నాకుంది, దాచడమెందుకు. ఆదివారం తెలుగు క్లాసుకి రానని అది ఆర్నెల్లుగా పేచీ. ఇదిగో చూడు, వీళ్ళని చూసి నేర్చుకో అన్నాను. వీళ్ళ నాయకుడు యాకోబ్ హుటర్‌ని 1536లో ఇన్స్‌బ్రుక్‌లో నిలువునా కాల్చేశారు. మొరావియా నుంచి తరిమితే ట్రాన్సిల్వేనియా వెళ్ళారు, అక్కణ్ణించి ఉక్రెయిన్. 1874లో అమెరికాలోని డకోటా చేరారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరం అన్నందుకు జైల్లో పెడితే వాళ్ళ కుర్రాళ్ళిద్దరు చనిపోయారు. 1918లో చాలామంది కెనడా వచ్చేశారు. ఇన్ని దేశాలు తిరిగినా ఇంట్లో ఆ పాత జర్మన్ యాసే, ఆస్ట్రియాలోని కరింథియా వైపుది. ప్రార్థనలో మంచి జర్మన్. ఇంగ్లీషు బడిలో. మూడు భాషలే! మూడేళ్ళు రాగానే పిల్లల్ని తమ చిన్నబడికి పంపుతారు. ఇంగ్లీషు బడి కాక జర్మన్ బడి వేరే. నీకు వారానికి రెండు గంటలు కష్టమైపోతోందా?

అది ఫోటోలు వెనక్కీ ముందుకీ జరుపుతూ చాలాసేపు చూసింది. భోజనాల గదిలో ఒకవైపు ఆడవాళ్ళు, ఒకవైపు మగవాళ్ళు. పదిహేనేళ్ళ లోపు పిల్లలకి విడిగా బల్లలు. బాతుల ఈకలు పీకుతున్న ఆడవాళ్ళ వరస. గడ్డిలో దొర్లుతున్న పిల్లలు.

"అమ్మా, ఈ ఫోటోల్లో ఎవరూ ఒక్కళ్ళే లేరు," అంది.

నాకు ముందు అర్థం కాలేదు.

"నేను నాలుగింటికి ఇంటికొస్తాను. నువ్వు ఆరింటికి. నాన్న ఏడు. తెలుగు ఎవరితో మాట్లాడాలి, ఫ్రిజ్‌తోనా?"

మా ఫ్రిజ్ మీద అ ఆ ఇ ఈ అయస్కాంతాలు ఇంకా ఉన్నాయి, దాని నాలుగో ఏట అంటించినవి. నరసరావుపేటలో మా ఇంట్లో మాకు తెలుగు ఎవరూ నేర్పలేదు. వసారాలో ఎప్పుడూ నలుగురైనా ఉండేవాళ్ళు. వాళ్ళ తిట్లలోంచి, సామెతల్లోంచి, బేరాల్లోంచి మా నోటికి అదే పట్టుకుంది. నేను నా కూతురికి పుస్తకం కొనిచ్చాను గానీ వసారా ఎక్కణ్ణించి తేను?

అయినా ఊరుకోలేదు. కలిసి బతకడం అంటే అదీ అని మళ్ళీ మొదలుపెట్టాను. అప్పటికి అది ఇంటర్నెట్‌లో ఇంకొకర్ని వెతికి పట్టుకుంది. కెల్లీ హోఫర్ అని, మానిటోబా కాలనీలోనే పుట్టి పెరిగిన అబ్బాయి. చిన్నప్పట్నుంచే తన కాలనీనీ తన స్నేహితుల్నీ ఫోటోలు తీసేవాడు. తను గే. అక్కడ అలా బతకడం కుదరదు. పందొమ్మిదేళ్ళకి కాలనీ వదిలేసి వచ్చేశాడు. ఆ ఫోటోల్లో అక్కడి ఎండా నవ్వులూ ఎంత ప్రేమగా ఉన్నాయో చూడమని నాకే చూపించింది. నేను చెప్పిన కథలో ఈ ముక్క లేదు మరి. బిడ్డల్ని నిలబెట్టుకునే గోడలే కొందరిని బయటికి తోస్తాయని దానికి చెప్పాల్సి వస్తుందని నేను అనుకోలేదు.

మాట మారుద్దామని, "చూశావా, లోపలివాడు తీస్తే ఎంత బాగుందో. నేను నీకు లోపలిదాన్నేగా, నేను తీస్తే మొహం తిప్పుతావేం?" అన్నాను నవ్వుతూ.

అది నవ్వలేదు. "ఫ్లెక్సీ," అంది.

పోయినేడు వేసవిలో నరసరావుపేటలో దాని ఓణీల ఫంక్షన్ చేశాం. అమ్మమ్మ కోరిక. నాకూ సరదాయే, అబద్ధం చెప్పను. మా తమ్ముడు మేనమామ హోదాలో ఫంక్షన్ హాలు గేటు దగ్గర పన్నెండడుగుల ఫ్లెక్సీ కట్టించాడు, దాని మొహం, పేరు, పైన దేవుళ్ళు, కింద చుట్టాల వరస. డ్రోన్ కూడా తెచ్చారు. అది ఏమీ అనలేదు, చెప్పినట్టల్లా నిలబడింది. బానే ఎంజాయ్ చేస్తోందనుకున్నాను.

"ఆ ఫ్లెక్సీ ఎందుకు పెట్టారో రోడ్డు మీద పోయే ప్రతి అంకుల్‌కీ తెలుసు కదమ్మా," అంది. తెలుగులోనే అంది, 'అంకుల్' ఒక్కటే ఇంగ్లీషు. "ఆ టిమ్ స్మిత్ ఎవరో తెలియనివాళ్ళ దగ్గరికి అన్నేళ్ళు వెళ్ళాడు. నువ్వు నన్ను ఒక్కసారి కూడా అడగలేదు."

మా ఆయన పేపరు మడిచి వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఆయనకి అదొక అలవాటు.

మనవాళ్ళలో అడగడం ఉండదు అని చెప్పబోయాను. నన్నెవరడిగారు? నా ఓణీల ఫోటో ఇప్పటికీ మా అమ్మ బీరువా తలుపు లోపల అంటించి ఉంది, తలొంచుకుని. కానీ అది బీరువా లోపల ఉంది. ఈ పిల్లది రోడ్డు మీద, గేటు దగ్గర వారం రోజులుంది. మా తమ్ముడిది ప్రేమే, అందులో అనుమానం లేదు. అందుకే నాకు ఎవరి మీద కోప్పడాలో ఇప్పటికీ తేలలేదు.

అక్టోబరులో బంగాళాదుంపలకి మళ్ళీ కాలనీకి వెళ్ళాం. ఈసారి దాని కెమెరా కూడా తెచ్చుకుంది, పుట్టినరోజుకి కొన్నది. సంచిలోనే ఉంచి, ఆవిడ దగ్గరికి వెళ్ళి ఏదో అడిగింది. ఆవిడ ఆలోచించి, తనవైపు చూపించుకుని తల అడ్డంగా ఊపింది, తర్వాత దొడ్డివైపు చెయ్యి చూపింది. మా అమ్మాయి పరిగెత్తుకెళ్ళి చలిలో అరగంట కూర్చుని బాతుల ఫోటోలు తీసుకొచ్చింది. నలభై రెండు. ఒకదాంట్లో కంచె మీద ఆవిడ చెయ్యి ఒక్కటే పడింది, అది వెనక్కెళ్ళి చూపించి ఉంచుకోవచ్చా అని అడిగొచ్చింది.

రెండు బాతుల ఫోటోలు అమ్మకి వాట్సాప్ చేశాను. రెండు నిమిషాల్లో వీడియో కాల్.

"బాతులు బాగున్నాయే. పిల్లేదీ? పిల్లది ఒక్కటీ పంపవేం?"

"దాన్నే అడుగమ్మా," అని ఫోన్ దానికిచ్చాను.

మా అమ్మ కళ్ళద్దాలు సర్దుకుంది. "ఒక్క ఫోటో పంపవే బంగారం," అంది.

"చూస్తాలే అమ్మమ్మా," అంది ఇది.