పీడీఎఫ్‌లో గంగమ్మ దొరకలేదు: నా అనుభవం

నిన్న మధ్యాహ్నం యూనివర్సిటీలో నా పీహెచ్‌డీ థీసిస్ సాఫ్ట్ కాపీ తీసుకుని రసీదు ఇచ్చారు. పడిన అగచాట్లు మరుపున పడకముందే రాసేస్తున్నాను. తెలుగులో పరిశోధన చేస్తున్నవాళ్లు ఒక్కరైనా చదివి ముందే జాగ్రత్తపడితే నాకదే చాలు.

నా విషయం తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర వేషాలు. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపు కుండలు, ఇలా రోజుకొక వేషం చొప్పున వేసేవాళ్ల నోటి మాటలు ఆరేళ్లు సేకరించాను. మొత్తం 312 పేజీలు. గైడుగారి సంతకం, బాకీలేమీ లేవన్న నో డ్యూస్ కాగితం, ఫీజు అన్నీ వారంలో అయిపోయాయి. ఎర్ర అట్ట మీద బంగారు రంగు అక్షరాలతో బైండింగ్ మూడు రోజులు పట్టింది. మిగిలింది పీడీఎఫ్ ఒక్కటే, అది అరగంట పని అనుకున్నాను.

టైపింగ్ చేసిన డీటీపీ షాపతను వర్డ్ ఫైళ్లు, పీడీఎఫ్‌లు రెండూ పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు. తెరిచి చూస్తే అచ్చు ముత్యాల్లా ఉన్నాయి అక్షరాలు. అధ్యాయానికొక ఫైలు చేసి, దేశంలోని థీసిస్‌లన్నీ ఆన్‌లైన్‌లో దాచే శోధ్‌గంగ వాళ్లు అడిగే పద్ధతిలో శీర్షిక పేజీకి 01 అంటూ వరసగా అంకెలు వేసి పేర్లు పెట్టుకుని వెళ్లాను. ఏ యూనివర్సిటీ అన్నది రాయను. మన ఊళ్లో ఒకటి కాదు కదా.

కౌంటర్లో సారు నాలుగో అధ్యాయం తెరిచారు. వెతికే గడిలో 'గంగమ్మ' అని కొట్టారు. ఏమీ దొరకలేదని వచ్చింది. ఆ పేజీలోనే ఏడుసార్లు ఉంది గంగమ్మ పేరు, కళ్ల ముందు కనిపిస్తోంది. మళ్లీ కొట్టారు. మళ్లీ అదే. తర్వాత ఒక వాక్యాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేశారు. నేను రాసిన వాక్యం అక్కడ లేదు. డాలర్ గుర్తులు, సగం భిన్నాలు, నెత్తిన చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు. స్క్రీను నా వైపు తిప్పి గట్టిగానే అడిగారు: "ఇదేం భాషమ్మా? తెలుగులో పీహెచ్‌డీ చేసినావు, ఇందులో ఒక్క తెలుగు అక్షరం లేదే!"

నా వెనక తొమ్మిదిమంది ఉన్నారు లైన్లో. కెమిస్ట్రీ వాళ్లు, కామర్స్ వాళ్లు. ఒకబ్బాయి నవ్వాడు. "స్క్రీను మీద కనిపిస్తోంది కదా సార్" అన్నాను. "అది బొమ్మ మా. కాపీ ఉందా లేదా అని చూసే సాఫ్ట్‌వేర్‌కు ఇది అర్థం కాదు. రేపు ఎవరైనా వెతికినా నీ పని దొరకదు. తీసుకుపో" అని పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టేశారు. మెట్లు దిగి బాలాజీ కాలనీ దాకా నడిచాను, ఆటో ఎక్కాలన్న ధ్యాస కూడా లేదు. ఆయన చెప్పింది నిజమే. ఆ నిజాన్ని పదిమందిలో అలా చెప్పాల్సిన పని మాత్రం లేదు. పక్కకు పిలిచి చెప్పి ఉంటే ఆయన కుర్చీ ఏమీ తగ్గేది కాదు.

జరిగింది ఇదీ. షాపతను అనూ ఫాంట్లలో కొట్టాడు. ప్రెస్సుల్లో ఎప్పటినుంచో అదే వాడుక. ఆ పద్ధతిలో ఫైలు లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలే. ఫాంటు వాటి మీద తెలుగు ఆకారాలు తొడుగుతుంది. ఫాంటు పీడీఎఫ్‌లో ఇమిడి ఉంది కాబట్టి కంటికి తెలుగే. వెతికే యంత్రానికి మాత్రం గుర్తుల మూట. యూనికోడ్ అలా కాదు. అందులో ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఉంది, 'గ'కు 3095. ఏ ఫాంటు మార్చినా, ఏ దేశంలో తెరిచినా అది 'గ'గానే ఉంటుంది. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే మన తెలుగుకు చోటిచ్చారు. ఇన్నేళ్ల తర్వాత కూడా మన పరిశోధనలు గుర్తుల మూటలుగా లైబ్రరీలకు పోతున్నాయంటే నాకు కడుపు మండుతుంది. ముసలివాళ్ల కాళ్ల దగ్గర కూర్చుని తెచ్చుకున్న మాటలు అవి.

షాపుకెళ్లి అడిగితే, "బుక్కులన్నీ ఇట్లే కొడతారక్కా, ఎవురూ ఏం అనలేదే" అన్నాడు. యూనికోడ్‌లోకి మార్చిమ్మంటే మళ్లీ పేజీకి ఇంతని రేటు చెప్పాడు. నేను ఒప్పుకోలేదు. మీరూ ముందే, అడ్వాన్సు ఇవ్వకముందే, "యూనికోడ్‌లో కొడతావా?" అని అడగండి. తల గోక్కుంటే ఇంకో షాపు చూసుకోండి.

కన్వర్టర్లు ఉన్నాయి. అనూ పాఠం అందులో వేస్తే యూనికోడ్ వస్తుంది. అయితే వచ్చింది వచ్చినట్టు వాడుకుంటే కొంప మునుగుతుంది. కొన్నిచోట్ల వత్తులు పక్క అక్షరానికి తగులుకున్నాయి. ఫుట్‌నోట్లన్నీ విడిపోయాయి. అన్నిటికన్నా ఏడిపించింది ఇంగ్లీషు. అనూలో తెలుగుకూ ఇంగ్లీషుకూ సంకేతాలు ఒకటే కాబట్టి, ఆధారాల్లో ఇంగ్లీషులో ఉన్న పుస్తకాల పేర్లు, రచయితల పేర్లు కూడా తెలుగు అక్షరాల ముద్దలైపోయాయి. వాటిని బైండు కాపీ పక్కన పెట్టుకుని చేత్తో కొట్టాను. పంతొమ్మిది రోజులు. పగలు కాలేజీలో పాఠాలు, రాత్రి పిల్లలు పడుకున్నాక ఈ పని. 312 పేజీల్లో నేను మళ్లీ చదవని వాక్యం ఒక్కటి లేదు. ఆ మాట ధైర్యంగా చెప్పగలను.

వర్డ్‌లో ఇంకో చిక్కు. మొత్తం సెలెక్ట్ చేసి 'మండలి' అనే తెలుగు యూనికోడ్ ఫాంటు పెడితే తెలుగు మారదు, ఇంగ్లీషు మాత్రమే మారుతుంది. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. ఫాంట్ డైలాగ్ తెరిస్తే కింద 'కాంప్లెక్స్ స్క్రిప్ట్స్' అని వేరే గడి ఉంది, తెలుగు ఫాంటు అక్కడ పెట్టాలి. మండలి, రామభద్ర, సురవరం లాంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. వాటి కోసం ఎవరికీ డబ్బులు కట్టకండి.

ఇక పీడీఎఫ్ చేయడం. ప్రింట్‌కు వెళ్లి 'ప్రింట్ టు పీడీఎఫ్' నొక్కకండి, విషయసూచిక లింకులు, బుక్‌మార్కులు పోతాయి. 'సేవ్ యాజ్'లో పీడీఎఫ్ ఎంచుకుని, ఆప్షన్స్ తెరిచి, హెడింగులతో బుక్‌మార్కులు చేయమని టిక్ పెట్టండి. దాని కిందే పీడీఎఫ్/ఏ అన్న టిక్ ఉంటుంది. అది ఏళ్ల తరబడి దాచే ఫైళ్ల కోసం 2005లో వచ్చిన ప్రమాణం, వాడిన ఫాంట్లన్నీ ఫైలు పొట్టలోనే ఉండి తీరాలంటుంది. తర్వాత అక్రోబాట్ రీడర్‌లో కంట్రోల్, డి నొక్కి ఫాంట్ల జాబితా చూడండి. ప్రతి పేరు పక్కన 'ఎంబెడెడ్', అంటే ఫైల్లో ఇమిడి ఉంది, అని ఉండాలి. ఫోటోలు కుదించడం పెద్ద పని కాదు, వర్డ్‌లోనే 'కంప్రెస్ పిక్చర్స్' ఉంది. ఆన్‌లైన్‌లో ఉచితంగా మారుస్తామనే సైట్లకు మాత్రం థీసిస్ ఎక్కించకండి. ఇంకా సబ్మిట్ చేయని పనిని ఎవరి కంప్యూటర్లోనో పెట్టి రావడమేమిటి?

కౌంటర్ దగ్గర మళ్లీ తలవంచుకోదలచుకోలేదు. అందుకని కొర్లగుంటలో నాకు మాతంగి వేషం గురించి చెప్పిన అవ్వ మనవడికి వాట్సాప్‌లో నాలుగో అధ్యాయం పంపాను. వాడిది చవక ఫోను, అందులో తెరుచుకుంటే ఎక్కడైనా తెరుచుకుంటుంది. సాయంత్రం వాడే ఫోన్ చేశాడు. "అక్షరాలు బాగుండాయి అక్కా. అవ్వకు మొత్తం చదివి చెప్పినా. నీతో మాట్లాడాలంట."

అవ్వ ఫోన్ తీసుకుని అడిగింది: "ఏం పాపా, చప్పరం చప్పరం అని రాసినావంట. నేను నీకు సప్పరం అని గదా చెప్పినా?"

గుండె జల్లుమంది. నా చేతిరాత నోటుబుక్కు తీసి చూశాను. సప్పరం అనే ఉంది. షాపతను తప్పనుకుని తనకు తానే దిద్దేశాడు, నేనూ ప్రూఫుల్లో దాటేశాను. వెదురు బద్దలతో కట్టి, రంగు కాగితాలు అంటించి, మొక్కుకున్నవాళ్లు మోసుకొచ్చే ఆ గోపురాన్ని మన ఊళ్లో ఎవరూ చప్పరం అనరు. వెతికే గడిలో కొడితే 46 చోట్ల దొరికింది. నిఘంటువు నుంచి ఎత్తి రాసిన మూడు చోట్లు వదిలి మిగతావన్నీ దిద్ది, పీడీఎఫ్ మళ్లీ చేశాను. గైడుగారికి చెప్పి బైండు కాపీల్లో దిద్దుబాటు పట్టిక అంటించాను.

నిన్న కౌంటర్లో అదే సారు. నన్ను గుర్తుపట్టారు. లైన్లో ఈసారి ముగ్గురే. ఆయన ఏమీ అనకముందే నేనే అడిగాను, "సప్పరం అని కొట్టండి సార్" అని. ఆయన కొట్టారు. పసుపు రంగు గీత ఆ మాట మీద వచ్చి నిలబడింది. నొక్కితే తర్వాతది, ఆ తర్వాతది. కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేశారు. తెలుగే వచ్చింది.

"ఎవరు చేసిచ్చినారు?" అన్నారు.

"నేనే సార్."

రసీదు రాసి ముద్ర వేస్తూ, ఈ పద్ధతి కాగితం మీద రాసిస్తే గోడకు అంటిస్తానన్నారు. సోమవారం రాసి ఇస్తాను.