అయిదో సీసాలో దొరికిన సీసం

తాగేది క్యాను నీళ్ళే కదా, వీధి పైపు సీసంతో (లెడ్) చేసినదైతే ఏమిటి, ఇనుపదైతే ఏమిటి అని మా ఇంట్లో మొదట అందరూ అన్నారు. పైకి సబబుగానే వినిపిస్తుంది. కానీ క్యాను నీళ్ళు తాగే ఇంట్లో కూడా బియ్యం నానేది, పప్పు ఉడికేది, చారు కాగేది, డికాషన్ దిగేది పంపు నీళ్ళతోనే. డబ్బులు పోసి కొన్న క్యాను వంచి కందిపప్పు ఉడికించే ఇల్లాలిని నేనింతవరకు చూడలేదు. పోనీ మరిగిస్తున్నాం కదా అంటే, మరిగితే చచ్చేది క్రిమి. పైపులోంచి నీటిలోకి దిగే సీసం అనే విషం ఎక్కడికీ పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది కూడా.

మా ఇల్లు చెన్నైలో తంగసాల వీధికి దగ్గర, ఏడు బావుల పేటలో ఒక సందులో ఉంది. 1772లో కెప్టెన్ బేకర్ అనే ఆయన కోటలోని దొరల కోసం ఇక్కడే బావులు తవ్వించి నీళ్ళు మళ్ళించాడట. పట్నానికి మొదటి నీటి సరఫరా అదే. కీల్పాక్ నీటి కేంద్రం వచ్చింది 1914లో. ఇంత పాత పేటలో నేల కింద ఏ కాలపు గొట్టం ఉందో తవ్వితే తప్ప ఎవరికీ తెలియదు. మావారి ముత్తాతగారు ఒంగోలు వైపు నుంచి వర్తకానికి వచ్చి కట్టిన ఇల్లు ఇది. ముందు భాగంలో గిన్నెల కొట్టు, దాని పక్కన మనిషి పట్టేంత నడవ, నడవ చివర మండువా, మండువాలో వీధి పైపు నీటిని లాగే చేతిపంపు. మేము కింద, మా చిన్నమామగారి అబ్బాయి కుటుంబం మేడ మీద. అందరికీ ఒకటే కనెక్షను.

పోయిన వేసవిలో పంపు బరువెక్కింది. ఎంత కొట్టినా బిందె నిండదు, వచ్చిన నీళ్ళు టీ రంగులో వస్తున్నాయి. ప్లంబరు మేస్త్రీని పిలిస్తే గుమ్మం బయట, మురుగు కాలువ పక్కన చిన్న గొయ్యి తీశాడు. ఇంట్లోంచి వచ్చే జీఐ పైపు, అంటే జింకు పూత పూసిన ఇనుప గొట్టం, తుప్పుతో ఉబ్బిపోయి ఉంది. అది ఊహించినదే. దాని కొసన మాత్రం తుప్పు జాడ లేని బూడిదరంగు గొట్టం ఒకటి వంపు తిరిగి రోడ్డు కిందికి పోతోంది. రెండూ కలిసే చోట ఉల్లిపాయంత బుడిపె. మేస్త్రీ చాకు మొనతో గీకితే, గీకిన చోట వెండిలా మెరిసింది. గోరుతో నొక్కినా గాటు పడుతోంది. ఫ్రిజ్జు తలుపు మీది అయస్కాంతం తెచ్చి పెట్టాను. జీఐ పైపుకు టక్కున అంటుకుంది, ఆ గొట్టం మీద జారిపోయింది. పాత ఇళ్ళవాళ్ళు ఎవరైనా చేసుకోదగ్గ పరీక్ష ఇది, పైసా ఖర్చు లేదు.

మెయిన్ పైపు నుంచి ఇంటి పైపుకు కలిపే ఆ గజమున్నర ముక్కను అప్పట్లో సీసంతో చేసేవారు. సీసం మెత్తన, ఎటు వంచితే అటు వంగుతుంది. పైన బళ్ళు తిరిగి నేల అణిగినా పగలదు. పనివాళ్ళకు అంత అనుకూలమైన లోహం లేదు. రోగమంతా ఆ అనుకూలంలోనే ఉంది.

నిజానికి పైపు శుభ్రం చేయించి ఊరుకునేవాళ్ళమేమో. కానీ అప్పటికి మా అమ్మాయి పురిటికి వచ్చి ఉంది. ఒంట్లో చేరిన సీసం ఎముకల్లో నిలువ ఉంటుందని, గర్భిణికి ఎముకల్లోని కాల్షియంతో పాటు అదీ కరిగి బిడ్డకు చేరుతుందని చదివాక నాకు నిద్ర పట్టలేదు. పుట్టబోయే పసికందుకు డబ్బా పాలు కలపాల్సి వస్తే ఏ నీళ్ళతో కలుపుతాం? సీసం ఇంతదాకా ఉన్నా ఫరవాలేదు అనే హద్దు పిల్లల విషయంలో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటోంది. మన దేశపు ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన తాగునీటి ప్రమాణం, ఐఎస్ 10500, సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదంటుంది. కొన్ని పదార్థాలకు వేరే నీరు దొరకని చోట కాస్త సడలింపు ఇచ్చింది గానీ సీసానికి ఇవ్వలేదు.

నీళ్ళ పరీక్షకు గుర్తింపు ఉన్న ల్యాబుకు ఫోను చేశాం. వాళ్ళ కుర్రాడు మధ్యాహ్నం వచ్చి, పంపు నాలుగు దెబ్బలు కొట్టి, సీసా నింపుకుని పోయాడు. ఫలితం 0.006. హద్దులోనే ఉంది. మేడ మీద ఉండే మా మరిది ఆ కాగితం చూసి, “చూశారా వదినా, అనవసరంగా కంగారు పడ్డారు” అన్నాడు. నాకు ఎక్కడో లెక్క కుదరలేదు. ముప్ఫై ఏళ్ళు ఒక కంపెనీ పద్దులు రాసినదాన్ని, కుదరని లెక్కను వదిలిపెట్టడం చేతకాదు.

ముప్పావు అంగుళం పైపులో మీటరుకు సుమారు 300 మిల్లీలీటర్ల నీరు పడుతుంది. మండువాలోని పంపు నుంచి వీధి గుమ్మం దాకా పద్నాలుగు మీటర్లు. అంటే పంపు కొట్టగానే వచ్చే మొదటి నాలుగు లీటర్లూ నడవ కింద జీఐ పైపులో ఉన్న నీరే. రాత్రంతా సీసపు ముక్కలో నానిన నీరు బయటికి వచ్చేది ఆ తరువాత. కుర్రాడు పట్టుకుపోయినది అసలు సీసాన్ని తాకి నిలిచిన నీరే కాదు. ఇది నా సొంత తెలివి అనుకున్నాను గానీ, అమెరికాలో 2021లో సవరించిన నిబంధనల్లో సీసపు కనెక్షన్లున్న ఇళ్ళలో అయిదో లీటరు పట్టి పరీక్షించాలని ముందే రాసి పెట్టారు.

మళ్ళీ పరీక్ష పెట్టించాను, ఈసారి నా పద్ధతిలో. రాత్రి పదింటికి పంపు హ్యాండిలుకు తాడు కట్టి, ఎవరూ ముట్టుకోవద్దని మేడమీద వాళ్ళకు కూడా చెప్పాను. తెల్లవారుజామున ల్యాబు వాళ్ళిచ్చిన లీటరు సీసాలు వరసగా పెట్టి, నంబర్లు వేసి, మెల్లగా పంపు కొడుతూ ఒక్కొక్కటీ నింపాను. పైపు లోపల తుప్పు పేరుకుంటే పట్టే నీరు తగ్గుతుంది కనుక మూడోది, నాలుగోది కూడా ఉంచుకున్నాను. పరీక్షకు మాత్రం మొదటిది, అయిదోది, పది బిందెలు కొట్టాక పట్టినది పంపాను, ప్రతి సీసాకూ విడిగా డబ్బు కట్టాలి మరి. మొదటిది మళ్ళీ 0.006. చివరిది 0.004. అయిదోది 0.037.

ఆ రోజు నుంచే వంటకూ క్యాను నీళ్ళు మొదలుపెట్టాం. పొద్దున్నే పది బిందెలు కొట్టి గిన్నెలు తోమడానికి, నేల కడగడానికి వాడాం. అమ్మాయికి రక్తపరీక్ష చేయిస్తే డాక్టరమ్మ భయపడేంత లేదన్నారు, ఐరన్, కాల్షియం మాత్రలు మానవద్దని మరీ మరీ చెప్పారు.

ఇక మార్పించడం. మరిది వాదన రెండు మెట్లుగా సాగింది. మొదటిది, ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు కదా అని. సీసపు గొట్టం లోపల ఏళ్ళ తరబడి ఒక పొర కడుతుంది, ఆ పొర నిలిచినంత కాలం నీటిలోకి సీసం తక్కువ దిగుతుంది, ఇది నిజమే. కానీ ఆ పొర నీటి గుణాన్ని బట్టి నిలుస్తుంది. అమెరికాలో ఫ్లింట్ ఊళ్ళో 2014లో నీటి వనరు మార్చి, పైపులు తినకుండా కలపాల్సిన మందు కలపకపోయేసరికి ఊరు ఊరంతా సీసం తాగింది. మన చెన్నైకి వచ్చే నీరు ఒక్క చోటిదా? పుళల్, చెంబరంబాక్కం చెరువులు, వీరాణం, 1996 నుంచి కండలేరు మీదుగా పూండికి వచ్చే మన కృష్ణమ్మ, మీంజూరు, నెమ్మేలిలో ఉప్పు తీసిన సముద్రపు నీరు. ఏ ఏడు ఏది ఎంత కలుస్తుందో వానదేవుడికి తెలియాలి.

రెండో మెట్టు ఇంకా గట్టిది. గుమ్మం దాకా మన పైపు మార్చుకుందాం, రోడ్డు కింద ముక్క జోలికి పోవద్దు, రోడ్డు తవ్వాలంటే అనుమతులు, రుసుములు అన్నాడు. మేము మొదట మాట్లాడిన కాంట్రాక్టరు కూడా అదే పాట. సగం ధరకే సగం పని. వినడానికి ఎంత బాగుందో! కానీ సీసపు పైపును మధ్యలో కోసి వేరేది అతికితే, ఆ కోతకు, కుదుపుకు లోపలి పొర రాలి కొన్నాళ్ళు సీసం ముందుకంటే ఎక్కువ వస్తుంది. ఇత్తడి ముక్కతో అతికితే రెండు లోహాల మధ్య జరిగే చర్యకు సీసం ఇంకా తొందరగా కరుగుతుంది. సగం మార్పిడి వల్ల నమ్మదగిన మేలు కనిపించలేదని అమెరికా పర్యావరణ సంస్థకు సలహాలిచ్చే శాస్త్రవేత్తల మండలి 2011లోనే తేల్చింది. పోనీ సీసపు ముక్క ఒక్కటే తీసి జీఐ పైపు ఉంచుదామా అంటే, అదీ కుదరదు. ఇన్నేళ్ళు సీసం దాటి వచ్చిన నీరు ఆ తుప్పులో సీసపు రేణువులను ఇరికించి పెట్టింది. ముక్క పోయినా అవి అప్పుడప్పుడు ఊడి వస్తూనే ఉంటాయి. మెయిన్ పైపుకు కనెక్షను బిగించే ముక్క, ఫెర్రూల్, దగ్గర నుంచి మండువా దాకా మొత్తం తీయాల్సిందే. ఈ మాట మీద నేను గట్టిగా నిలబడ్డాను. చివరికి తోడికోడలే, “పసిబిడ్డ వచ్చే ఇంట్లో బేరాలేమిటండీ” అని మొగుడిని గదమాయించాక మరిది సరేనన్నాడు.

కాగితాల సంగతి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఆస్తిపన్ను రసీదు, నీటిపన్ను రసీదు, గుర్తింపు కార్డు, అర్జీ. ఇంజనీరు వచ్చి గొయ్యి చూసి, అంచనా వేసి ఇచ్చారు. రోడ్డు కోతకు విడిగా కట్టాం. మాది సిమెంటు సందు కనుక తారు రోడ్డు కంటే ఎక్కువైంది. ఒక్క హెచ్చరిక: ఈశాన్య రుతుపవనాలు దగ్గరపడితే నగరంలో రోడ్లు తవ్వనివ్వరు. మీకు ఈ పని ఉంటే అర్జీ ఎండల్లోనే పెట్టండి, ఆడి మాసం తగ్గింపు అమ్మకాలు అయ్యాక చూద్దామంటే పొంగలి దాకా ఆగాల్సిందే.

పైపు కొనేటప్పుడు ఒకటి గమనించండి. మన దేశంలో పీవీసీ పైపుల తయారీలో కూడా సీసపు రసాయనం వాడుతూ వచ్చారు, 2021లో గానీ దాన్ని తొలగించే నియమాలు రాలేదు. సీసం తీయించి సీసమున్న ప్లాస్టిక్ వేస్తే నవ్విపోతారు. గోదాముల్లో పాత సరుకు ఉండవచ్చు, తయారీ తేదీ చూసి తీసుకోవాలి. మేము రోడ్డు కింద నుంచి మండువా దాకా మధ్యలో అతుకు లేకుండా ఒకే చుట్ట నీలం ఎండీపీఈ పైపు (ఒక రకం పాలిథీన్ గొట్టం) వేయించాం.

పని రాత్రి జరిగింది. పగలు ఆ సందులో తోపుడు బండి ఆగినా తగాదా, ఇక గొయ్యి అంటే గిన్నెల కొట్టాయన ఊరుకుంటాడా. తొమ్మిదికి కొట్టు మూయగానే సిమెంటు కోసే మిషను మొదలైంది. నడుములోతు తవ్వాక మెయిన్ కనబడింది, నల్లటి పోత ఇనుము పైపు. దాని అతుకుల్లో కూడా జనపనార దూర్చి కరిగిన సీసం పోసి ఉంది. అది చూసి నా గుండె జారింది. కానీ అక్కడ నీటికి తగిలేది సన్నటి అంచు మాత్రమేనని, ప్రవాహమూ పెద్దదని ఇంజనీరు చెప్పారు. పాత ఫెర్రూల్ విప్పి కొత్తది బిగించారు. జీఐ పైపును రంపంతో కోసి, ముక్కను మేస్త్రీ లైటు వెలుగులో నా కళ్ళ ముందు పెట్టాడు. ముప్పావు అంగుళం రంధ్రంలో నా చిటికెన వేలు కూడా దూరలేదు. లోపలంతా ముదురు గోధుమరంగు గుబురు, వేలు పెడితే పొడిగా రాలుతోంది. మరిది ఆ ముక్కను చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

నీళ్ళు వదిలాక వెంటనే వాడలేదు. పంపు వాషర్లు మార్చి, వంటింటి కుళాయి మూతి జాలీలు విప్పి కడిగి, అరగంట పైగా నీరు కాలువలోకి పోనిచ్చాం. జాలీలో ఇసుక లాంటి నలుసులు దొరికాయి. సంపు ఖాళీ చేయించి అడుగు మడ్డి తీయించాం. వెంటనే పరీక్షకు పంపితే మిగిలిన నలుసులు లెక్క చెడగొడతాయని నెలన్నర ఆగి, మళ్ళీ రాత్రి తాడు కట్టి, మొదటి, అయిదో సీసాలు పంపాను. రెండింటిలోనూ వాళ్ళ యంత్రం కొలవగలిగినంత సీసం లేదు. ఆ కాగితం వచ్చేనాటికి మనవరాలికి మూడు వారాలు.

తీసిన సీసపు గొట్టం కోసం ఇద్దరు వచ్చారు. ఒకాయన కాశిమేడు వలలకు గుళ్ళు పోయించుకుంటానన్నాడు, ఇంకొకాయన పాత సామానుకు తూచి డబ్బిస్తానన్నాడు. ఎవరి పెరట్లోనో పొయ్యి మీద కరిగించి ఆ పొగ ఎవరి పిల్లలకో పట్టడం నాకిష్టం లేక ఇద్దరికీ ఇవ్వలేదు. గోనెసంచిలో చుట్టి మేడ మెట్ల కింద పెట్టాను. బ్యాటరీ సీసం కరిగించే అనుమతి ఉన్న కర్మాగారానికి పంపే దారి ఉందేమో ఇంజనీరుగారిని అడిగి ఉంచాను.

ఖర్చులో మూడో వంతు కొట్టాయన, మూడో వంతు మేము, మూడో వంతు మరిది అని ఒప్పందం. కొట్టాయన గొయ్యి పూడ్చిన మరునాడే ఇచ్చేశాడు. మరిది సగం ఇచ్చాడు. మిగతా సగం దీపావళి బోనసు వచ్చాక ఇస్తానన్నాడు, నేను పద్దులో రాసి పెట్టుకున్నాను.